గుంతకు జాతకం

ఆ మధ్య ఒక ఇంజినీరింగ్ సదస్సుకు వెళ్లాను. ఏసీ హాలు. ముందు వరసలో శాలువాలు, వెనక వరసలో మేము. వేదిక మీద ఒక కుర్ర పరిశోధకుడు తెర మీద చుక్కలు చూపిస్తున్నాడు. చుక్కలన్నీ ఒక వాలుగీత వెంట, ప్రార్థనకు నిలబడ్డ బడిపిల్లల్లా బుద్ధిగా నిలబడ్డాయి. ఆనకట్ట దాటి పడిన నీళ్లు దిగువన ఎంత లోతు గుంత తవ్వుతాయో అతని మెషీన్ లెర్నింగ్ మోడల్ ముందే చెప్పేస్తుందట. ఆర్ స్క్వేర్ 0.98. అంటే ఇంచుమించు గురి తప్పదన్నమాట. చప్పట్లు.

నా పక్కన కూర్చున్న రిటైర్డ్ డీఈ గారు చెయ్యెత్తారు.

"ఏ నది బాబూ?"

"నది కాదు సార్, ఫ్లూమ్. ల్యాబులో గాజు కాలవ."

"వెడల్పు?"

"అరవై సెంటీమీటర్లు సార్."

"ఇసుక?"

"జల్లెడ పట్టించాం సార్. రేణువులన్నీ ఒకే సైజు."

"గుంత ఎంత లోతు పడింది?"

"గరిష్ఠంగా పద్దెనిమిది సెంటీమీటర్లు సార్."

"శుభం" అని ఆయన కూర్చున్నారు. కూర్చుని నా చెవిలో, "మా అమ్మమ్మ ఆవకాయ జాడీలో గరిటె ఇంతకంటే లోతుకి దిగేది" అన్నారు.

నవ్వుకున్నాను. కానీ నవ్వాల్సింది ఆ కుర్రాణ్ణి చూసి కాదని టీ బల్ల దగ్గర తెలిసింది. అది చివర్లో చెబుతాను. ముందు గుంత సంగతి.

పారే ఏరు తన ఒండ్రు తానే మోసుకుంటూ పోతుంది. ఒకచోట దించుతుంది, ఇంకోచోట ఎత్తుకుంటుంది. మనం అడ్డంగా కట్ట వేస్తాం. బరువంతా ఎగువనే దించేసి తేలికపడి గేటు దాటుతుంది నీరు. ఖాళీ సంచితో సంతలో దిగినవాడు ఊరికే తిరిగిపోడు కదా. దానికి తోడు ఎత్తునుంచి దూకిన ఊపు. ఆ ఊపు చల్లార్చడానికి ఇంజినీర్లు కాంక్రీటు గచ్చు పోసి, దిమ్మెలు నిలబెట్టి, నీరు అక్కడే ఒక్కసారి ఉబికి తుళ్లిపడేటట్టు చేస్తారు. హైడ్రాలిక్ జంప్ అంటారు దాన్ని. కోపమంతా గచ్చు మీదే కక్కేస్తే అవతల ఇసుక బతికిపోతుంది. దిగువన నీటిమట్టం తక్కువగా ఉన్నప్పుడు గేట్లు ఎడాపెడా ఎత్తినా, బోలెడు గేట్లుండగా నాలుగింటినే తెరిచి నీళ్లన్నీ అందులోంచే తోలినా, ఆ తుళ్లింత గచ్చు దాటిపోతుంది. అక్కడ సుడి తిరుగుతుంది. సుడి అడుగున ఇసుక లేస్తుంది. గుంత ముందుకే పెరిగితే బాధ లేదు. అది వెనక్కి కూడా పెరుగుతుంది. రక్షణకు పరిచిన సీసీ బ్లాకుల కిందికి, ఆప్రాన్ అనే ఆ గచ్చు కిందికి, నేలలోకి దింపిన కటాఫ్ గోడ మొదట్లోకి. పైనుంచి చూస్తే మాత్రం కట్టడం నిటారుగానే ఉంటుంది, నిలువునా అప్పుల్లో మునిగిన మోతుబరి ఇస్త్రీ పంచెలో నిలబడినట్టు.

ఈ గుంత లోతును ఊహించే విద్య నిన్న మొన్నటిది కాదు. జెరాల్డ్ లేసీ 1930 ప్రాంతంలో ఒక సూత్రం ఇచ్చాడు. 1932లో షోక్లిచ్ ఇంకోటి, 1937లో వెరోనీస్ మరోటి. 1985లో మేసన్, అరుముగం అనే ఇద్దరు కూర్చుని, డ్యాముల నుంచి ధారగా దూకే నీరు తవ్వే గుంతకు అప్పటిదాకా పుట్టిన 31 సూత్రాలను పక్కపక్కన పెట్టి పరీక్షించారు. ముప్ఫై ఒక్క మంది సిద్ధాంతులు, ఒక్క గుంత.

లేసీ సూత్రంతో చిన్న లెక్క చూద్దాం. గోదావరి మీది మేడిగడ్డ బ్యారేజీని 28.25 లక్షల క్యూసెక్కుల వరదకు డిజైన్ చేశారు. అంటే సెకనుకు దాదాపు 80 వేల ఘనపు మీటర్లు. బ్యారేజీ పొడవు 1,632 మీటర్లు. ఒక్కో మీటరు వెడల్పున 49 ఘనపు మీటర్ల నీరు. ఒండ్రు గుణకం ఒకటి అనుకుని, 49ని వర్గం చేసి, ఘనమూలం తీసి, 1.35తో గుణిస్తే 18 మీటర్లు. వరద మట్టం నుంచి నది తవ్వుకుపోగల లోతు అది. దిగువన ఇంకాస్త పెంచి చూసుకోవాలని కోడ్ పుస్తకాలు చెబుతాయి. ఇదంతా పెళ్లి శుభలేఖ కవరు వెనక, పెన్నుతో, అరగంటలో తేలే పని. రెండు మీటర్లు అటో ఇటో కావచ్చు. గోదావరి లోతుగా తవ్వుతుందన్న సంగతి మాత్రం తొంభై ఏళ్లుగా అచ్చులో ఉంది.

అయినా సరే, కంప్యూటరు చెబితే ఆ గౌరవం వేరు. న్యూరల్ నెట్‌వర్కులు, జీన్ ఎక్స్‌ప్రెషన్ ప్రోగ్రామింగ్, సపోర్ట్ వెక్టర్ మెషీన్, రాండమ్ ఫారెస్ట్ అని పేర్లు వింటుంటే ఏదో నవగ్రహ స్తోత్రంలా ఉంటుంది. ఇవీ కొత్తవి కావు. డ్యాం నీళ్లను ధారగా ఎగరేసే స్కీజంప్ బకెట్ దిగువన పడే గుంతను న్యూరల్ నెట్‌వర్కుతో అంచనా కట్టిన పని ఐఐటీ బొంబాయి వాళ్లు 2005లోనే చేసి, అమెరికా సివిల్ ఇంజినీర్ల సంఘం పత్రికలో వేయించారు. అప్పటినుంచి ఆ దారిలో వ్యాసాలు వరదలా వస్తున్నాయి. ఆ వరదకు మాత్రం ఏ ఆనకట్టా లేదు.

చాలా వ్యాసాల వంట ఒకటే. పదుల్లోనో వందల్లోనో ఉన్న ల్యాబు కొలతలు తీసుకుంటారు. వాటిని పేకముక్కల్లా కలిపి, ముప్పాతిక నేర్పడానికి, పాతిక పరీక్షకు పంచుతారు. ఒకే రోజు, ఒకే కాలవలో, ఒకే ఇసుక మీద తీసిన కవల కొలతల్లో ఒకటి పాఠంలోకి, రెండోది పరీక్షలోకి పోతాయి. ట్యూషన్‌లో చెప్పిన లెక్కే పబ్లిక్‌లో వచ్చినట్టు. ఇక 0.98 రాక ఏమొస్తుంది?

రాండమ్ ఫారెస్టుకు ఇంకో గుణం ఉంది. పేరులో అడవి ఉంది గానీ ఆ అడవికి ప్రహరీ కూడా ఉంది. చెట్లన్నీ తాము చూసిన అంకెల సగటులే చెబుతాయి కాబట్టి, నేర్పిన వాటిలో అతి పెద్ద అంకెను దాటి అది ఒక్క అడుగు వెయ్యలేదు. 2009 అక్టోబరు మొదటి రోజులు గుర్తు తెచ్చుకోండి. శ్రీశైలం 19 లక్షల క్యూసెక్కుల వరదకు కట్టింది. వచ్చింది 25 లక్షల పైమాటే. 885 అడుగులకు నిండాల్సిన జలాశయం 896కు ఎక్కింది. కర్నూలు మునిగింది. ఆ సెప్టెంబరు దాకా ఉన్న రికార్డులతో నేర్పిన అడవిని తెచ్చి ఆ రాత్రి గట్టు మీద నిలబెడితే, అది నింపాదిగా తను చూసిన పాత గుంత లోతే చెప్పేది. కృష్ణమ్మకు ఆ సిలబస్ ఎవరూ ఇవ్వలేదు. ఆ డ్యాం కాళ్ల దగ్గర పడిన ప్లంజ్ పూల్ గురించి కమిటీలు ఇప్పటికీ కూర్చుంటున్నాయి, లేస్తున్నాయి. మడుగు మాత్రం కూర్చునే ఉంది.

ఇంతవరకూ చదివి యంత్రాన్ని తిడుతున్నానని అనుకుంటే పొరపాటు. యంత్రం పాపం సిద్ధాంతి లాంటిది. పుట్టిన టైము సరిగ్గా చెబితే దాని తంటాలేవో అది పడుతుంది. టైము రాయాల్సిన నర్సు నిద్రపోయి, లేచాక చేతికొచ్చింది రాస్తే ఏ పంచాంగం ఏం చేస్తుంది?

మన గుంతలకు పుట్టిన టైము రాసే పుస్తకం ఒకటుంది. ఎం-బుక్ అంటారు. మెజర్‌మెంట్ బుక్. నీటిపారుదల శాఖలో దేవుడి తర్వాత దేవుడు. ఏఈ రాస్తాడు, డీఈ చెక్ చేస్తాడు, ఈఈ సంతకం పెడతాడు, బిల్లు కదులుతుంది. పొడవు, వెడల్పు, లోతు, మూడూ గుణిస్తే పరిమాణం, రేటుతో గుణిస్తే రూపాయలు. లోకంలో ఇంత శుభ్రమైన డేటాబేసు ఇంకోటి ఉండదు. ఖాళీ గడులు ఉండవు, అనుమానాలు ఉండవు, కొట్టివేతలు ఉన్నా పక్కన పొట్టి సంతకం ఉంటుంది.

మంచి ఎం-బుక్కులు లేవనను. ఎండలో నిలబడి టేపు పట్టి నిజం రాసిన ఏఈలు నాకు తెలుసు. కానీ ఆప్రాన్ దిగువన రాళ్లు పోసే పనిలో ఒక సొగసుంది, అది రోడ్డు పనికి రాదు. రోడ్డు వేయకుండా వేశామంటే ఊరు చూస్తుంది. ఏట్లో రాళ్లు పోయకుండా పోశామంటే ఎవరు చూస్తారు? ఆగస్టులో వరద వస్తుంది. పోసిన రాళ్లూ కొట్టుకుపోతాయి, పోయని రాళ్లూ కొట్టుకుపోతాయి. పుస్తకంలో ఉన్న రాళ్లన్నిటినీ నోరు మెదపకుండా తన ఖాతాలో వేసుకునే ఇంత మంచి సాక్షి గోదావరి తప్ప ఎవరున్నారు? ఆవిడకు సంతకం రాదు, కోర్టుకు రాదు.

ఇప్పుడీ పుస్తకాలను తీసుకెళ్లి యంత్రానికి నేర్పండి. అది మొద్దు కాదు, మనకంటే తెలివైంది. మూడో రోజుకు దానికి తెలిసిపోతుంది: గుంత లోతుకూ నీటి వేగానికీ పెద్ద సంబంధం లేదు, ఇసుక రేణువుతో అసలే లేదు. గుంతలన్నీ మార్చి నెలాఖర్లో పడతాయి. నిధులు మురిగిపోయే ముందు రాత్రి మరీ లోతుగా పడతాయి. ఎస్టిమేట్‌లో ఎంత లోతు రాశారో గుంత సరిగ్గా అంతే లోతు ఉంటుంది, ఒక్క సెంటీమీటరు ఎక్కువా కాదు తక్కువా కాదు. ఆర్ స్క్వేర్ ఒకటి. అమెరికా పత్రికలు కూడా తట్టుకోలేని ఫలితం.

నిజమైన గుంత సంగతి వేరే. 2019 జూన్ 21న మేడిగడ్డ ప్రారంభమైంది. ఆ ఏడు వరదకే దిగువన సీసీ బ్లాకులు చెదిరాయని, వాటి మీద ఉత్తర ప్రత్యుత్తరాలు నడిచాయని తర్వాతి విచారణల్లో బయటపడింది. ఉత్తరాలు నడిచాయి, బ్లాకులు తిరిగి తమ చోటికి నడవలేదు. 2023 అక్టోబరు 21 సాయంత్రం ఏడో బ్లాకులో పియర్లు కుంగాయి. అప్పుడు మొదట తట్టిన అనుమానం ఏమిటో తెలుసా? విద్రోహం. పోలీసు స్టేషన్‌కు ఫిర్యాదు వెళ్లింది. కింద ఇసుక కదిలిపోతే పైన కాంక్రీటు కూర్చుంటుందన్న సంగతి శాస్త్రం పుస్తకాల్లో ఉందేమో గానీ, శిక్షాస్మృతిలో లేదు మరి. జాతీయ డ్యాం భద్రతా సంస్థ కమిటీ వచ్చింది. ప్లానింగ్, డిజైను, నాణ్యత, నిర్వహణ, దేన్నీ వదలకుండా తప్పుపట్టింది. అడిగిన సమాచారం మొత్తం తమకు ఇవ్వలేదనీ నివేదికలో రాసుకుంది. కేంద్రం పంపిన కమిటీకే అందని అంకెలు, ల్యాబులో కూర్చున్న యంత్రానికి అందుతాయా?

ఇటు పోలవరం. 2018లో నేల కింద ఊటను ఆపే డయాఫ్రం వాల్ పూర్తయింది. నదిని తాత్కాలికంగా మళ్లించే ఎగువ కాఫర్ డ్యాంలో ఖాళీలు ఉండగానే వరదలొచ్చాయి. కిలోమీటర్ల వెడల్పున పరుచుకోవాల్సిన నది ఆ ఖాళీల్లోంచి దూసుకొచ్చింది. వాల్ దెబ్బతింది. ఇసుకలో గుంతలు పడ్డాయి, పత్రికలు వాటికి అగాధాలని పేరు పెట్టాయి. రబ్బరు గొట్టం చివర బొటనవేలు అడ్డుపెడితే నీళ్లు ఎంత దూరం చిమ్ముతాయో మొక్కలకు నీళ్లు పోసే ప్రతివాడికీ తెలుసు. ఆ గుంత ఎవరి హయాంలో పడిందన్న లెక్క మీద రెండు పార్టీలకూ రెండు మోడళ్లున్నాయి. రెండూ ఒకే గుంతను చూసి ఎదుటివాడి పేరే చెబుతాయి. రెండింటి ఆర్ స్క్వేరూ ఒకటే. 2025 జనవరిలో కొత్త వాల్ పని మొదలైంది.

కొలిచేవాళ్లు లోకంలో లేరా అంటే, ఉన్నారు. ఆఫ్రికాలో జాంబెజీ నది మీద కరీబా డ్యాం 1959 నాటిది. దాని దిగువ మడుగు ఇరవై ఏళ్ల పైచిలుకులో సుమారు 80 మీటర్ల లోతుకు చేరింది. అదేం గొప్ప ఘనత కాదు. కానీ కొలుస్తూ వచ్చారు కాబట్టే ఆ అంకె ఉంది. అంకె ఉంది కాబట్టే మడుగు రూపురేఖలు మార్చే పనికి దిగారు. మనకు 2021లో డ్యాం భద్రతా చట్టం వచ్చింది. వానాకాలం ముందొకసారి, వెళ్లాకొకసారి తనిఖీ చేయమంటుంది. తనిఖీ అంటే గట్టు మీద జీపు ఆపి, రెయిలింగ్ పట్టుకుని, నీళ్లవైపు చూసి, గెస్టుహౌసులో చేపల పులుసు తినడమని చట్టంలో ఎక్కడా లేదు. లేదని ఎవరూ అనకూడదని కాబోలు, వానాకాలం వెళ్లాక చేపలు కూడా బాగుంటాయి.

రేపో మాపో కృత్రిమ మేధతో గుంతల్ని పసిగట్టే కమాండ్ కంట్రోల్ సెంటర్‌కు టెండరు పిలుస్తారని నా నమ్మకం. గోడంత తెర ఉంటుంది. తెర మీద నది నీలంగా, గుంత ఎర్రగా మెరుస్తుంది. రిబ్బను కత్తిరించే చోట పూలుంటాయి. నీళ్లలో దించాల్సిన సోనార్‌కు మాత్రం బ్యాటరీ కొనే పద్దు ఉండదు. అప్పుడు ఉగాదికి పంచాంగ శ్రవణంలో గుంతకూ రాశి ఫలాలు చదివించుకోవచ్చు: ఆదాయం కాంట్రాక్టరుకు, వ్యయం ఖజానాకు, రాజపూజ్యం తెర కట్టిన కంపెనీకి, అవమానం ఆ రోజు డ్యూటీలో ఉన్న ఏఈకి.

ఇక టీ బల్ల దగ్గరికి వద్దాం.

డీఈ గారు కప్పు పట్టుకుని ఆ కుర్రాడి దగ్గరికి వెళ్లారు. నేనూ వెంట వెళ్లాను. "బాగా చెప్పావు బాబూ. కానీ ఆ గాజు కాలవ వదిలి ఏటికి రాకూడదూ?" అన్నారు.

కుర్రాడి మొహం వాడిపోయింది. "రెండేళ్లు తిరిగాను సార్. ఒక ఆఫీసులో గోప్యం, ఇవ్వం అన్నారు. ఒక ఆఫీసులో ఉండేది గానీ చెదలు తిన్నాయన్నారు. మూడో చోట టీ ఇచ్చి కూర్చోబెట్టి, 'నీకు ఎంత లోతు కావాలో చెప్పు బాబూ, రాసిస్తాం' అన్నారు. అప్పుడొచ్చేసి ఫ్లూమ్ కట్టుకున్నాను సార్. అందులో పడిన గుంతన్నా నా కళ్లముందు పడింది."

ఆ మాటతో నేను హాల్లో నవ్విన నవ్వు గొంతుకు అడ్డం పడింది. అరవై సెంటీమీటర్ల కాలవలో వాడు నిజం కొలిచాడు. పదహారు వందల మీటర్ల నదికి మనకు ఆ పాటి నిజం లేదు.

డీఈ గారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక కథ చెప్పారు. ఆయన కొత్తగా ఏఈగా చేరిన రోజులు. ఒక పాత ఆనకట్ట. అక్కడ గేట్లూ గట్లూ చూసుకునే ఓ లష్కరు. వరద తీసిన వారానికి, ఎవరూ చెప్పకుండానే, తెల్లవారుజామున దోనె వేసుకుని దిగువకు వెళ్లేవాడట. చేతిలో కొబ్బరి పీచు తాడు, చివర ఇనప గుండు, బారకో ముడి. ఆనకట్ట ఖానా ఖానాకూ, అంటే గేటు గేటుకూ, దోనె ఆపి గుండు వదిలేవాడు. తాడు చేతిలోంచి జారుతుంటే ముడులు వేళ్లకు తగిలేవి. నోటితో కాదు, వేళ్లతో లెక్కపెట్టేవాడు. గుండు అడుగు తాకగానే ఒక్క క్షణం తాడు వదులయ్యేది. ఆ వదులు తెలియడానికే పాతికేళ్లు పట్టిందని చెప్పేవాడట. ఒడ్డుకొచ్చి, ఏఈ గారి ముందు తలగుడ్డ తీసి చెప్పేవాడు:

"పన్నెండో ఖానా కింద తొమ్మిది బారలండి బాబూ. పోయినేడు ఏడే. గుంత ఎనక్కొస్తందండి."

ఈయన ఆ తొమ్మిదిని రిజిస్టరులో రాశారు. పైకి కాగితం పెట్టారు. నాలుగు నెలలకు జవాబొచ్చింది: బార అనేది ప్రామాణిక కొలత కాదు, మీటర్లలో తిరిగి పంపగలరు. మీటర్లలో పంపారు. ఇంకో నాలుగు నెలలకు జవాబు: ఈ ఏడాది ఎస్టిమేట్‌లో పదమూడో ఖానా మరమ్మతు మంజూరైనందున, గుంత పదమూడో ఖానా దిగువన ఉన్నట్టు ధ్రువీకరించగలరు.

"ధ్రువీకరించారా?" అన్నాను.

"లష్కర్ని అడిగాను. 'గుంతని జరపమంటే జరుపుతానండి, ఏరు ఒప్పుకోవాలి కదండీ' అన్నాడు." డీఈ గారు కప్పు కింద పెట్టారు. "వాడు రిటైరయ్యాక ఆ పోస్టు ఇప్పటికీ నింపలేదు."

కుర్రాడు మాత్రం పట్టు వదల్లేదు. కళ్లు మెరుస్తున్నాయి. "సార్, ఆ రిజిస్టరు ఉందా? అన్నేళ్ల కొలతలు ఒకే చోట, ఒకే చేత్తో తీసినవి. నాకు అంతకంటే ఏం కావాలి సార్?"

"రిజిస్టరు ఆఫీసు మారినప్పుడు పాత కాగితాలతో పాటు తూకానికి వెళ్లింది బాబూ."

"పోనీ ఆ తాడు?"

"తాడుందిగా. వెళ్తూ వెళ్తూ నాకిచ్చాడు. మా పెరట్లో కట్టాం. మా ఆవిడ బట్టలారేస్తోంది." ఆయన జేబు రుమాలుతో మూతి తుడుచుకున్నారు. "మంచి తాడు. బారకో ముడి ఉంది కదా, ఎంత గాలేసినా బట్ట జారదు."